శబ్దానికి గ్రహణం పట్టిన రాత్రి

పాత సినిమాల టైటిల్స్‌లో ‘శబ్దగ్రహణం’ అని ఒక కార్డు పడేది, గుర్తుందా? హీరో పేరుకి ఈలలు, సంగీత దర్శకుడి పేరుకి చప్పట్లు. శబ్దగ్రహణం కార్డు వచ్చేసరికి మాత్రం హాల్లో సగంమంది ఇంకా సీట్లు వెతుక్కుంటూనో, పిల్లాడి చేతిలో పల్లీల పొట్లం పెడుతూనో ఉండేవారు. చిన్నప్పుడు టీవీలో ఏదో పాత సినిమా చూస్తూ మా అమ్మనడిగాను, “గ్రహణం సూర్యుడికీ చంద్రుడికీ కదా పడుతుంది, శబ్దానికి కూడా పడుతుందా?” అని. “పట్టినప్పుడు చూద్దాంలే, ముందు అన్నం తిను” అంది అమ్మ.

పట్టింది. పాతికేళ్లు దాటాక, హైదరాబాదు యూసుఫ్‌గూడలో, మూడో అంతస్తులోని నా ఒంటిగదిలో, రాత్రి పదిన్నరకి. అదీ మా అమ్మ సమక్షంలోనే.

ఇంతకీ ఫ్లాష్‌బ్యాక్ కొంచెం అవసరం. మా నాన్న తెనాలి దగ్గర మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు గుమాస్తా. సాయంత్రం ఆరు దాటితే హరిశ్చంద్రుడు. కాటిసీను పద్యాలందుకున్నాడంటే పందిట్లో కునికిపాట్లు పడేవాళ్లు లేచి కూర్చునేవారట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నాకు జ్ఞానం వచ్చేసరికే ఆయన వేషాలు మానేశాడు. టీవీ వచ్చి పందిళ్లు పల్చబడ్డాయి, ఆయనకి ఆయాసమూ వచ్చింది. నేను విన్నది స్నానాల గదిలో తీసిన రాగాలు మాత్రమే. 1991లో శ్రీరామనవమి పందిట్లో ఆయన పాడిన పద్యాలని ఎవరో స్నేహితుడు 60 నిమిషాల క్యాసెట్‌లో పట్టాడు. ఆయన గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

నాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం ఆదివారం. ఆయన పాత నాటక సమాజం మిత్రులు, మిగిలిన నలుగురూ, “ఆ రోజు రామాలయం దగ్గర వాడి పద్యాలు మైకులో వేద్దాం వదినా” అన్నారు. ఊళ్లో పనిచేసే టేప్‌రికార్డర్ ఒక్కటీ లేదు. అమ్మ క్యాసెట్‌ని పాత చీరముక్కలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, రైలెక్కి వచ్చేసింది. “నువ్వు సినిమా పత్రికలకి రాస్తావు కదరా, ఆ మాత్రం తెలియదా?” అని ఆమె ధీమా.

నా సంగతి కూడా చెప్పేస్తాను. బి.కాం. చదివాను. ఫ్రీలాన్స్ జర్నలిస్టుని. అంటే అన్ని పత్రికలకీ పనిచేసేవాడని నా అర్థం, ఏ పత్రికకీ పనిచేయనివాడని అమ్మ అర్థం. అద్దె కట్టే తేదీ వచ్చేసరికి అమ్మ చెప్పిందే కరెక్టేమో అనిపిస్తుంది. సంగీత దర్శకుల్ని ఎంతోమందిని ఇంటర్వ్యూ చేశాను. “ఆ ట్యూను ఎలా తట్టిందండీ?” అని అడగడం వచ్చు. ట్యూను తట్టాక అది మన చెవిదాకా ఏ దారిన వస్తుందో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

సరే, ఏర్పాట్లు బ్రహ్మాండంగా చేశాను. ఒక మిత్రుడి అటకమీద నుంచి క్యాసెట్ డెక్ దింపించాను. ఇంకొకరి దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె అడిగి తెచ్చాను. అరచేతికి కాస్త పెద్దది, వెనకాల యు.ఎస్.బి. తీగ, ముందు నాలుగు నాబ్‌లు. బయటి శబ్దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇస్తుంది, కంప్యూటర్ అంకెల్ని మళ్లీ శబ్దంగా మారుస్తుంది. ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఏ కంపెనీదో అడక్కండి, తప్పు దానిది కాదు.

అమ్మ ప్రయాణపు బడలికతో మంచమెక్కి నిద్రపోయింది. ఇయర్‌ఫోన్లు ల్యాప్‌టాప్‌కి తగిలించి, డెక్ మీద ప్లే నొక్కి, తెరమీద ఎర్రచుక్క నొక్కాను. పచ్చటి మీటరు లేచింది, పడింది, మళ్లీ లేచింది. దాని వెనకే గీతలు బారులు తీరుతున్నాయి. చెవిలో మాత్రం ఏమీ లేదు. రికార్డయ్యేటప్పుడు వినిపించదు కాబోలు అనుకున్నాను! చూడండి నా తెలివి. 27 నిమిషాలు అలా మూకీ చూస్తూ కూర్చున్నాను. పద్యాలు అయిపోయాయి కాబోలు, గీత సన్నబడింది. ఆపాను. మొదటికి వచ్చి ప్లే కొట్టాను.

నిశ్శబ్దం.

గీతలమీద సన్నటి కడ్డీ జరుగుతోంది, మీటరు ఎగురుతోంది, చెవిలో ఏమీ లేదు. వాల్యూమ్ పెంచాను. లేదు. యూట్యూబ్ తెరిచి ఏదో పాట పెడితే చెవులు గింగుర్లెత్తేలా వచ్చింది. అంటే ఇయర్‌ఫోన్లు బాగానే ఉన్నాయి, ల్యాప్‌టాప్ బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే మళ్లీ మూగనోము.

రికార్డింగే సరిగ్గా లేదేమో, ఇంకోసారి చేద్దామని డెక్‌లో రివైండ్ నొక్కాను. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. పదిహేను సెకన్లు గిర్రున తిరిగి ‘కర్’ మంది. మూత తీస్తే గోధుమరంగు టేపు రోలర్‌కి జడలా చుట్టుకుని ఉంది. పెన్సిలు పెట్టి మెల్లగా లాగుదామనుకున్నాను. ముప్పై యేళ్లు దాటిన టేపు, లాగిన చోటల్లా సాగింది, ఒకచోట తెగింది.

అప్పుడు నా పరిస్థితి ఊహించండి. క్యాసెట్ పోయింది. మిగిలింది తెరమీద గీతలు. ఆ గీతల్లో మా నాన్న ఉన్నాడో, డెక్ గుర్రు మాత్రమే ఉందో తెలియదు. వెనక మంచంమీద అమ్మ.

కృష్ణానగర్‌లో నాకు తెలిసిన కీబోర్డ్ ప్రోగ్రామర్ కుర్రాడున్నాడు. 1992లో ‘రోజా’ వచ్చి ఇంటి స్టూడియోలోనూ అద్భుతాలు చేయొచ్చని నిరూపించింది చూడండి, ఆ ధైర్యంతో పుట్టుకొచ్చిన సంతతిలో ఒకడు. మంచం, లాప్‌టాప్, రెండు స్పీకర్లు, అదే థియేటర్. ఫోన్ చేశాను. ఏదో పెళ్లి సంగీత్‌లో వాయిస్తున్నాడు, బ్యాండు హోరులోంచే అరిచి చెప్పాడు.

“అన్నా, మ్యూట్ నొక్కావా? లేదా? వేరే ట్రాక్ సోలోలో ఉందేమో చూడు, ఒకటి సోలో పెడితే మిగతావన్నీ మూగబోతాయ్. మాస్టర్ కిందికి లాగావా? ట్రాక్ అవుట్‌పుట్ మాస్టర్‌కి ఉందా, ‘నన్’ అని ఉందా? అది మిడి ట్రాకా, ఆడియో ట్రాకా?”

“ఏంటి తేడా?” అన్నాను.

“మిడిలో శబ్దం ఉండదన్నా! ఏ మెట్టు నొక్కాలి, ఎంత గట్టిగా, ఎంతసేపు అని రాసిన చీటీ, అంతే. ఆ చీటీ చదివి వాయించేవాణ్ణి, అదే ఇన్‌స్ట్రుమెంట్‌ని, ట్రాక్‌మీద కూర్చోబెట్టకపోతే ఎన్ని మెట్లు గీసినా కుయ్యిమనదు.”

1983 నుంచీ ఈ చీటీల భాషలోనే ప్రపంచంలోని కీబోర్డులన్నీ మాట్లాడుకుంటున్నాయట. నాది చీటీ కాదు, మా నాన్న గొంతు. అంటే ఆడియో ట్రాకే. చివరికి కుర్రాడు “శాంపిల్ రేట్ ఎంతుంది? 44,100ఆ? 48,000 పెట్టి చూడన్నా, ఒక్కోసారి అదీ కారణమే” అన్నాడు. అంతలో అటునుంచి ఎవరో వాణ్ణి స్టేజీమీదికి పిలిచారు. ఫోన్ కట్.

పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఏదో చిన్న కిటికీ తెరిచి అడిగింది, ‘ఫైళ్లని కూడా మార్చమంటావా?’ అని. ఎందుకొచ్చిన గొడవ, నాన్న గొంతు జోలికి పోవద్దు అనుకుని ‘వద్దు’ నొక్కాను. ఈ ‘వద్దు’ సంగతి గుర్తుంచుకోండి, క్లైమాక్స్‌లో పనికొస్తుంది. శబ్దం మాత్రం రాలేదు.

ఇక మిగిలింది పైన నాలుగో అంతస్తు. అక్కడ మాస్టారుంటారు. 1970లలో మద్రాసులో రికార్డింగ్ థియేటర్‌లో సౌండ్ అసిస్టెంట్‌గా చేరి, పరిశ్రమ హైదరాబాదుకి తరలినప్పుడు తానూ తరలి, ఇప్పుడు ఎనభైకి దగ్గరగా ఉన్నారు. మూడేళ్లుగా పైనా కిందా ఉంటున్నాం. మెట్లమీద కనిపిస్తే “ఏమోయ్, ఈ వారం ఎవరిని ఆకాశానికెత్తావ్?” అని నవ్వేవారు. ఆయన్ని నేనొక్కసారైనా ఇంటర్వ్యూ చేయలేదు. ఆయన పేరు ఏ కార్డులో పడిందో, అసలు పడిందో లేదో కూడా అడగలేదు. అలాంటివాణ్ణి రాత్రి పదకొండింటికి వెళ్లి తలుపు కొట్టాను.

లుంగీ, బనీను, మెడలో కళ్లజోడు తాడుతో వచ్చి, నేలమీద ల్యాప్‌టాప్ ముందు మఠం వేసుకున్నారు. “కంప్యూటర్ నాకు రాదబ్బాయ్. గీతలు మాత్రం చూపించు” అన్నారు. చూపించాను. కళ్లజోడు ముక్కుమీదికి జరిపి చాలాసేపు చూశారు. నేను “అది గుర్రేమోనండీ” అని భయం భయంగా అన్నాను.

“గుర్రయితే మొదట్నుంచీ చివరిదాకా ఒకే మందాన ఉంటుంది, తారు రోడ్డులాగా. ఇది చూడు, లేస్తోంది, దిగుతోంది, ఆగుతోంది. ఇదిగో ఇక్కడ సన్నగా మొదలై ఉబ్బింది చూశావూ? రాగం తీస్తున్నాడు. ఇక్కడ ఠక్కున తెగింది, ఊపిరి పీల్చాడు. ఇదేమిటో తెలుసా, ఈ ఇటుకలా బిర్రుగా ఉన్నది?”

“ఏమిటండీ?”

“చప్పట్లు. మీ నాన్నకి బాగానే కొట్టారోయ్.”

నాకు గొంతు పట్టేసింది. ఆయనకి ఆ విద్య ఎలా అబ్బిందో తరవాత చెప్పారు. ఫిల్ము రోజుల్లో థియేటర్లకెళ్లే ప్రింటు అంచున, బొమ్మల పక్కన, శబ్దం ఇలాగే గీతగా అచ్చయి ఉండేది. ప్రొజెక్టర్‌లో సన్నటి దీపం ఆ గీతగుండా పోయి అవతల ఫొటోసెల్‌మీద పడేది. గీత వెడల్పు మారినకొద్దీ వెలుగు మారేది, వెలుగుని బట్టి కరెంటు, కరెంటుని బట్టి స్పీకర్లో డైలాగు. అంటే హాల్లో మనం విన్నదంతా వెలుగే. ఇంకో తమాషా: బొమ్మ పక్కనే దాని మాట ఉండేది కాదు. ప్రొజెక్టర్‌లో శబ్దం చదివే చోటు బొమ్మ పడే చోటుకి కొంచెం కింద ఉంటుంది కాబట్టి, 35 ఎం.ఎం. ప్రింటులో మాట బొమ్మకన్నా సుమారు 20 ఫ్రేములు ముందు అచ్చయ్యేది. మాస్టారు ఫిల్ముని దీపానికి అడ్డంపెట్టి, ఇది మాట, ఇది తబలా దెబ్బ అని గుర్తుపట్టేవారట. ఎవరైనా మాటవరసకి అంటే నమ్మేవాణ్ణి కాదు. ఆ రాత్రి నా కళ్లెదుట మా నాన్న ఊపిరి పీల్చిన చోటు వేలుపెట్టి చూపించారు.

“ట్యాంకులో నీళ్లున్నాయి. ఇక గొట్టంలో ఎక్కడ ఆగాయో చూడాలి. మీటరు కదులుతోందా?”

“కదులుతోందండీ.”

“ఏ మీటరు? ఈ ట్రాక్‌దా? చివర పెద్ద మీటరు ఉండాలే, మాస్టరు. అదీ కదులుతోందా? కదులుతోంది. మరి ఇందాకట్నుంచీ మ్యూట్లూ సోలోలూ ఎందుకు నొక్కుతున్నావయ్యా? మాస్టర్ దాకా వచ్చాక గొంతు ఇల్లు దాటేసింది. వీధిలో వెతుకు!”

ఆయన పద్ధతి ఇది. శబ్దం పోతే చివర్నుంచి చివరిదాకా తడుముకోరు. సరిగ్గా మధ్యలో చెయ్యి పెడతారు. అక్కడ ఉంటే ముందు సగం నిర్దోషి. లేకపోతే వెనక సగం నిర్దోషి. మిగిలిన సగంలో మళ్లీ మధ్యలో. మద్రాసులో గోడనిండా కన్నాల పలక ఉండేదట, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోలాగా. ఈ మైకుని ఆ మిక్సర్ దారికి కలపాలంటే రెండు కన్నాలకీ మధ్య తీగ గుచ్చాలి. అప్పట్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి వాయిస్తూ పాడాలి, ఎవరు తప్పినా మళ్లీ పల్లవి నుంచి. ఒకరోజు టేక్‌కి అంతా సిద్ధం. వయొలిన్లవాళ్లు విల్లులు ఎత్తిపట్టుకున్నారు. సౌండ్ రూమ్‌లో మాత్రం శ్మశాన నిశ్శబ్దం. అద్దం అవతల నుంచి అందరూ ఇటే చూస్తున్నారు, ప్రొడ్యూసర్ గడియారం చూసుకుంటున్నాడు. చీఫ్ ఇంజనీరుకి చెమటలు. చివరికి చూస్తే పొద్దున్నే తుడిచిన మనిషి ఊడిన తీగని బుద్ధిగా పక్క కన్నంలో గుచ్చి వెళ్లాడట! ఆ థియేటర్ పేరు ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

“ఈ పెట్టె ఏమిటి?” అన్నారు ఉన్నట్టుండి, ఇంటర్‌ఫేస్‌ని చూసి.

చెప్పాను.

“గొంతు లోపలికొచ్చింది దీనిగుండానేగా? బయటికెళ్లేది ఎటు?”

అప్పుడు తెరిచాను ఆడియో సెట్టింగ్స్. ఇన్‌పుట్, అవుట్‌పుట్, రెండింటి ఎదురుగా ఆ పెట్టె పేరే ఉంది. అదన్నమాట సంగతి! విండోస్ మామూలు దారిలో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. మెట్టు నొక్కిన కాసేపటికి స్వరం పలికితే వాయించేవాడికి పిచ్చెక్కుతుంది. అందుకని 1997లో జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ ‘ఏసియో’ అని దగ్గరదారి వేసింది. ఆ దారి పట్టిన సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒకే పెట్టెతో కాపురం చేస్తుంది. రాక దానిగుండానే, పోక దానిగుండానే. నా నాన్న గంట నుంచీ ఆ పెట్టె ముందువైపు కన్నంలో నిలబడి పద్యాలు పాడుతున్నాడు. నేనేమో ల్యాప్‌టాప్ పక్క కన్నంలో చెవిపెట్టి కూర్చున్నాను. యూట్యూబ్ పాట మామూలు దారిన వచ్చింది గనక చక్కగా వినిపించింది.

మీరడగొచ్చు, “ఆ ఫైలుని మామూలు ప్లేయర్లోనో, ఫోన్లోకి పంపించుకునో వింటే సరిపోయేది కదయ్యా?” అని. సరిపోయేది! రెండు నిమిషాల్లో తేలిపోయేది. సాఫ్ట్‌వేర్ బయట వినిపిస్తే ఫైలు క్షేమం, గొడవంతా దారిలో అని. కృష్ణానగర్ కుర్రాడూ మర్నాడు ఇదే అన్నాడు. తెగిన టేపు చేతిలో పట్టుకున్నవాడికి అవేమీ తట్టవండీ.

ఇయర్‌ఫోన్లు తీసి పెట్టె కన్నంలో పెట్టబోయాను. పట్టలేదు. నా ప్లగ్గు సన్నది, మూడున్నర మిల్లీమీటర్లు. ఆ కన్నం పావు అంగుళంది. రాత్రి పదకొండున్నరకి అడాప్టర్ ఎవరిస్తారు? సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మార్చేద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. “ఇప్పుడింకేమీ కదపకు. తప్పు ఎక్కడుందో దొరికాక రెండో తప్పు చేసేది ఇలాగే” అంటూ మెట్లెక్కి వెళ్లారు. పైన ట్రంకుపెట్టె జరిపిన చప్పుడు. నల్లబడ్డ ఇత్తడి ప్లగ్గొకటి పంచెతో తుడుచుకుంటూ వచ్చారు. ముందు కన్నం చిన్నది, వెనక మొన పెద్దది. మద్రాసు నాటిది. ఆ పావు అంగుళం ప్లగ్గు పంతొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకోసం పుట్టిందట. ఫోన్లు మారాయి, థియేటర్లు మారాయి, ఆ మొన మాత్రం మారలేదు.

గుచ్చాను. ప్లే కొట్టాను. నిశ్శబ్దం!

“నాబ్ సున్నామీద ఉందిరా బాబూ” అన్నారు మాస్టారు. హెడ్‌ఫోన్ గుర్తున్న నాబ్‌ని మెల్లగా తిప్పాను. ముందు బుస్సుమని టేపు బుస. తరవాత హార్మోనియం. ఆ తరవాత...

ఒక చెవిలోనే వచ్చింది. ఆ పాత ప్లగ్గు ఒక దారిదే. నా కుడిచెవి ఖాళీ. నాకది లోటుగా అనిపించలేదు. ఎడమ చెవిలో మా నాన్న, నాకంటే చిన్నవాడు, పందిట్లో నిలబడి రాగం తీస్తున్నాడు.

“అమ్మా!” అని అరిచానట. అమ్మ ఉలిక్కిపడి లేచింది. మాస్టారిని చూసి కొంగు సర్దుకుని, “అన్నయ్యగారూ, మీకింత రాత్రివేళ శ్రమ” అంటూ వచ్చి కూర్చుంది. చెవిలో పెట్టాను. నేనామె మొహం చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె భ్రుకుటి ముడిపడింది. అర నిమిషం విని తీసేసింది.

“ఇది మీ నాన్న కాదురా.”

“అదేంటమ్మా?”

“పద్యం ఆయనదే. గొంతు ఆయనది కాదు. ఇంత సన్నంగా, ఇంత గాభరాగా ఎందుకు పాడతాడు? మీ నాన్నది నాలుగు శ్రుతి. ఆ హార్మోనియం చూడు, ఐదు పట్టబోతున్నట్టుంది.”

అమ్మకి సంగీతం రాదు. పాతికేళ్లు రిహార్సళ్లకి కాఫీలు అందించింది, అంతే. మాస్టారు ఇయర్‌ఫోన్ తీసుకుని విన్నారు. “చెల్లెమ్మ చెప్పింది నిజమే. స్పీడెక్కింది. డెక్ స్పీడా, నీ కంప్యూటర్ స్పీడా?” అన్నారు నా వైపు తిరిగి.

గుర్తొచ్చింది నా ‘వద్దు’.

సెకనుకి ఇన్నిసార్లు అని శబ్దాన్ని కొలిచి అంకె వేయడమే శాంపిల్ రేట్. సి.డి.లకి 44,100సార్లు. సినిమా, వీడియో పనుల్లో 48,000. నేను నాన్నని 44,100 లెక్కన పట్టి, ఆ తరవాత లెక్క మాత్రం 48,000 చేసి, ఫైలుని మార్చవద్దన్నాను. అంటే ఒక సెకను అంకెల్ని సెకనుకన్నా ముందే మింగేస్తోంది. దాదాపు తొమ్మిది శాతం వేగం. 27 నిమిషాల పద్యాలు 25 నిమిషాల్లోపే అయిపోతాయి. హార్మోనియంమీద దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి. నాలుగు శ్రుతి మనిషి నాలుగున్నర దాటి ఐదు దగ్గర పడతాడు. అమ్మ చెవి చెప్పింది అక్షరాలా అదే.

వెనక్కి 44,100 చేశాను. ఇయర్‌ఫోన్ మళ్లీ ఆమె చెవిలో పెట్టాను.

ఈసారి ఆమె ఏమీ అనలేదు. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఎడమచేత్తో మోకాలిమీద తాళం వేయడం మొదలెట్టింది. మాస్టారు ల్యాప్‌టాప్ తెరవైపే చూస్తూ, గీత ఎక్కడికి వచ్చిందో గమనిస్తూ, “ఇప్పుడు చప్పట్లు” అన్నారు మెల్లిగా. సరిగ్గా అదే క్షణంలో అమ్మ నవ్వింది. “ఇక్కడ వన్స్‌మోర్ అన్నారు” అంది కళ్లు తెరవకుండానే. ఇంకొంచెంసేపటికి, “వెనకాల గుక్కపెట్టి ఏడుస్తున్నది నువ్వే. నిన్నెత్తుకుని బయటికి పోయాను, అందుకే ఆ రోజు ఈ పద్యం నేను వినలేదు” అంది.

27 నిమిషాలూ విన్నది. మాస్టారు నిద్రకి లేస్తూ నాకు రెండు ముక్కలు చెప్పారు. ముందు ఈ ఫైలుకి రెండు కాపీలు తీసి వేరు వేరు చోట్ల పెట్టు. బుస తగ్గిస్తానని ఎక్కువ గీకకు, బుసతోపాటు ఊపిరీ పోతుంది. రెండూ చేశాను. తెగిన టేపుని కూడా పారేయవద్దన్నారు. అంచులు సాఫీగా కత్తిరించి అతికించే పట్టీ వేరే ఉంటుందిట, మామూలు సెలోటేపు వేస్తే జిగురు పాకి హెడ్‌ని పాడుచేస్తుందిట. అది వెతికిపెడతానన్నారు.

ఆదివారం రామాలయం దగ్గర మైకులో వేశారు. నేను పెన్‌డ్రైవ్ అందిస్తూ, స్పీకర్లు పెట్టిన కుర్రాణ్ణి ముందుగానే అడిగాను, “మాస్టర్ మీటరు కదులుతోందా తమ్ముడూ?” అని. వాడు నావైపు అదోలా చూశాడు. నాన్న మిత్రులు నలుగురూ అరుగుమీద కూర్చుని, వన్స్‌మోర్ దగ్గర మళ్లీ వన్స్‌మోర్ అన్నారు. వేశాం.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడు. మాస్టారు.

“అబ్బాయ్, నా ప్లగ్గు.”

ఇచ్చాను. టీ తాగి వెళ్లమని కూర్చోబెట్టి, “మద్రాసులో మీరు మొదట చేరింది ఏ సంవత్సరమండీ?” అని నోట్‌బుక్ తెరిచాను. ఆయన నా మొహంలోకీ పుస్తకంలోకీ మార్చి మార్చి చూసి, “టీలో పంచదార వెయ్యకు. రాసుకో” అన్నారు.